అక్షరాల ఆనవాళ్ళు: పాఠకుల సందేహాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ బెంగళూరు నుంచే. వాటిలోనూ ఎక్కువ భాగం అచ్చుపని, బోర్డుల పని చేసేవాళ్ళవి. ఎవరు ఎలా అడిగినా సందేహం దాదాపు ఒకటే: రెండు ఫాంట్లు చూడ్డానికి ఒకేలా ఉన్నప్పుడు ఏ అక్షరాన్ని పట్టుకోవాలి, ఆ అక్షరంలో ఎక్కడ చూడాలి?

ప్రశ్న: ఒక కస్టమరు పాత లెటర్‌హెడ్ తెచ్చి అచ్చం అలాగే కావాలన్నారు. ఏరియల్‌లో చేసిచ్చాను. వరుసల పొడవు కూడా సరిగ్గా కుదిరింది. "ఇది మా అక్షరం కాదు, మాది హెల్వెటికా" అంటూ తిప్పి పంపారు. పొడవు కుదిరాక ఇంకా తేడా ఏముంటుంది?
(డీటీపీ ఆపరేటరు, సుల్తాన్‌పేట)

జవాబు: పొడవు కుదరడం చూసే మీరు నమ్మేశారు. ఈ రెండింటి విషయంలో పొడవు సాక్ష్యంగా పనికిరాదు. హెల్వెటికా 1957లో స్విట్జర్లాండ్‌లోని హాస్ ఫౌండ్రీలో, అంటే అచ్చు అక్షరాలు పోతపోసే కార్ఖానాలో పుట్టింది. ఎడ్వర్డ్ హాఫ్‌మన్ చేయించగా మాక్స్ మీడింగర్ గీశారు. మొదటి పేరు నోయె హాస్ గ్రొటెస్క్, 1960లో హెల్వెటికా అయింది. ఏరియల్‌ను 1982లో మోనోటైప్ సంస్థ కోసం రాబిన్ నికొలస్, పట్రీషియా సాండర్స్ గీశారు. హెల్వెటికాకు కట్టిన పేజీలో ఏరియల్ పడినా వరుసలు చెదరకుండా, అక్షరం అక్షరానికీ వెడల్పు సమానంగా పెట్టారు. 1992లో విండోస్ 3.1తో అది ఇంటింటికీ చేరింది. అందుకే ఒకదాని బదులు ఇంకొకటి పడినా పేజీ కదలదు, పట్టుకోవాల్సింది కంటితోనే.

చూడాల్సిన చోట్లు ఇవి. మొదట క్యాపిటల్ ఆర్. హెల్వెటికాలో దాని కుడికాలు వంపు తిరిగి దాదాపు నిలువుగా నేలమీదికి దిగుతుంది. ఏరియల్‌లో ఏటవాలుగా తిన్నగా జారుతుంది. క్యాపిటల్ జీ కింద కుడి మూలన హెల్వెటికాకు ఒక చిన్న మేకులాంటి కొస ఉంటుంది, ఏరియల్‌కు ఉండదు. చిన్న టీ తల హెల్వెటికాలో అడ్డంగా కోసినట్టు సమంగా ఉంటుంది, ఏరియల్‌లో కత్తితో ఏటవాలుగా తెగ్గోసినట్టుంటుంది. చిన్న ఏ కింద కుడివైపు హెల్వెటికాకు పిసరంత తోక ఉంటుంది, ఏరియల్‌లో అది లేనట్టే. ఇక సీ, ఈ, ఎస్ లాంటి గుండ్రటి అక్షరాల కొసలు హెల్వెటికాలో నేలకు సమాంతరంగా తెగుతాయి, ఏరియల్‌లో వాలుగా తెగుతాయి. అంకెల్లో ఒకటిని చూడండి. దాని నెత్తి మీది చిన్న రెక్క కొస ఏరియల్‌లో వాలుగా, హెల్వెటికాలో సమంగా ఉంటుంది.

ఆర్, జీ, టీ, ఏ నాలుగింటిలో రెండు దొరికితే చాలు. అయితే ఒక హెచ్చరిక. కంపెనీ పేరు మొత్తం క్యాపిటల్స్‌లో ఉండి, అందులో వీ, ఐ, ఎమ్, ఏ, ఎల్ లాంటి గీతల అక్షరాలే ఉంటే ఈ రెండింటినీ కంటితో వేరు చేయడం దాదాపు అసాధ్యం. అప్పుడు పేరును వదిలేసి కింద చిరునామా వరుసలోకి వెళ్ళండి. "రోడ్", "క్రాస్", "బెంగళూరు" అన్న ఇంగ్లీషు మాటల్లో మీకు పనికొచ్చే అక్షరాలు రెండుమూడైనా ఉంటాయి.

జిరాక్సు మీద మాత్రం తీర్పు చెప్పొద్దు. కాపీకి కాపీ తీసేకొద్దీ గీతలు లావెక్కుతాయి, కొసలు మొద్దుబారుతాయి. జీ కింద మేకు, ఏ తోక మొదట పోయేవి అవే. ఫోన్లో వాలుగా తీసిన ఫొటోలో సమంగా ఉన్న కొస కూడా వాలుగా కనిపిస్తుంది. అసలు కాగితాన్నే 600 డీపీఐలో స్కాన్ చేయండి. దాని మీద అనుమానమున్న ఫాంటులో అదే వరుసను ఎరుపు రంగులో, సగం పారదర్శకంగా పరచండి. పాయింట్ల సైజు చూసి కాకుండా క్యాపిటల్ అక్షరం ఎత్తు కొలిచి సమానం చేయండి. నలుపు అంచు ఎరుపు కింద నుంచి ఎక్కడ తొంగిచూస్తే తేడా అక్కడే ఉంది.

ప్రశ్న: పెద్దమ్మాయి పెళ్ళికి 2009లో కొట్టించిన శుభలేఖలోని తెలుగు అక్షరం మా ఇంట్లో అందరికీ నచ్చింది. ఇప్పుడు చిన్నమ్మాయికీ అదే కావాలి. ప్రెస్సువాళ్ళు ఐదారు రకాలు చూపించి "అన్నీ ఒకటేనండి" అంటున్నారు. పాత కార్డు ఒక్కటే ఉంది. ఎలా పోల్చుకోవాలి?
(మల్లేశ్వరం)

జవాబు: అన్నీ ఒకటి కావు. కార్డు దాచుకుని మంచిపని చేశారు. తెలుగు ఫాంటును గుర్తుపట్టడానికి అన్నిటికన్నా మంచి పరీక్ష వాక్యం మీ కార్డు నెత్తిమీదే ఉంది: "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు". తలకట్టు, క్రావడి, గుడి, కొమ్ము, ఒత్తు, మహాప్రాణం అన్నీ ఆ మూడు మాటల్లోనే వచ్చేస్తాయి.

పది రెట్లు పెంచే భూతద్దం ఒకటి కొనుక్కోండి. అది లేకపోతే ఫోన్‌ను నిటారుగా పైనుంచి పట్టుకుని దగ్గరగా ఫొటో తీయండి. మొదట మొత్తం మీద ఒకటే చూడండి: గీత మందం అంతటా సమానంగా ఉందా, లేక కలం పట్టి రాసినట్టు కొన్నిచోట్ల లావుగా, కొన్నిచోట్ల సన్నగా ఉందా? ఈ ఒక్క మెట్టులోనే సగం ఫాంట్లు తప్పుకుంటాయి. నోటో సాన్స్ తెలుగు, వేమన2000 సమానమైన గీత గలవి. నోటో సెరిఫ్ తెలుగు, పోతన2000 లావు సన్నం ఉన్నవి. రామభద్ర అయితే శీర్షికల కోసం చేసిన లావుపాటి అక్షరం, దూరం నుంచే తెలిసిపోతుంది.

తర్వాత తలకట్టు. "రస్తు"లోని ర మీద చూడండి. తలకట్టు ఒంటికి అతుక్కుని ఉందా, వెంట్రుకంత సందు వదిలి తేలుతోందా? దాని కుడి కొస గుండ్రంగా ముగుస్తోందా, తెగ్గోసినట్టుందా, మొన తేలి సన్నబడుతోందా? ఎడమ చిన్న గీతకూ కుడి పెద్ద గీతకూ మధ్య కోణం ఎంత వెడల్పుగా ఉంది? తలకట్టు ప్రతి వరుసలోనూ పదిసార్లు వస్తుంది. ఫాంటు గీసినవాళ్ళ చెయ్యి ముందు బయటపడేది అక్కడే.

ఇప్పుడు అసలైన చోటు, "స్తు". స కింద త ఒత్తు ఎక్కడ వేలాడుతోందో చూడండి. సరిగ్గా నడుమ కిందనా, కుడి అంచు దాటి బయటికి వచ్చిందా? ఒత్తు మొదలయ్యే చోటు స అడుగుకు తగులుతోందా, ఖాళీ ఉందా? పక్కనున్న కొమ్ము ఒత్తు తోకకు అడ్డం వస్తోందా? ఇదే ప్రశ్న "విఘ్న"లోనూ వేయండి. ఘ తెలుగులోకెల్లా వెడల్పైన అక్షరాల్లో ఒకటి. దాని కింద న ఒత్తు నడుమ ఉందా, ఒక పక్కకు జరిగి ఉందా అన్నది గట్టి ఆనవాలు. కారణం చెబుతాను. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ అన్ని కంప్యూటర్లూ వాడే ఒకే సంకేత పద్ధతి) వాడుకలోకి రాకముందు డీటీపీ సెంటర్లలో నడిచిన అను లాంటి ఫాంట్లలో ఒక్కో ఫాంటుకు 256 గడులకు మించి చోటు లేదు. అందుకని ఒకే ఒత్తును సన్న అక్షరానికీ వెడల్పు అక్షరానికీ వాడుకోవాలి. వెడల్పు అక్షరం కింద అది నడుమకు రాదు. యూనికోడ్ ఫాంట్లలో ఏ అక్షరం కింద ఒత్తు ఎక్కడ పడాలో విడివిడిగా నిర్ణయించే వీలుంది. 2009 నాటి కార్డు కాబట్టి మీది పాత రకం ఫాంటే అయ్యే అవకాశం ఎక్కువ. ప్రెస్సువాళ్ళు యూనికోడ్ ఫాంట్లు మాత్రమే చూపిస్తుంటే ఎంత వెతికినా దొరకదు. "పాత అను ఫాంట్లలో చూపించండి" అని అడగండి.

"శ్రీ" దగ్గర జాగ్రత్త. కార్డు మీది మొదటి శ్రీ చాలాసార్లు ఫాంటులోది కాదు, విడిగా పెట్టిన బొమ్మ. లోపల "శ్రీమతి" అన్న చోట శ్రీని చూడండి. క్రావడి అక్షరం కింద మొదలై ముగుస్తోందా, ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తోందా? గుడి దీర్ఘం కొస లోపలికి మెలి తిరిగిందా, బయటికి తెరుచుకుందా? "శుభ"లో భ కింది చిన్న నిలువుగీత అక్షరానికి అంటిందా, విడిగా ఉందా?

ఇంకొకటి, "విచ్చేసి" అన్న మాటను వదలొద్దు. చ కింద చ ఒత్తు ఉంటుంది. పై చ గీత ఎంత మందంగా ఉందో కింది చ గీత కూడా దాదాపు అంతే ఉంటే, ఆ ఒత్తును విడిగా కూర్చుని గీశారని అర్థం. కిందిది బలహీనంగా, వెంట్రుకలా ఉంటే పెద్ద అక్షరాన్నే కుదించి ఒత్తుగా పెట్టేశారని అర్థం. నా దృష్టిలో మంచి తెలుగు ఫాంటును నాసిరకం నుంచి వేరుచేసేది ఇదే.

చివరి పని కొలత. అనుమానమున్న ఫాంటులో అదే వరుస కొట్టించి, ర అక్షరం ఎత్తు పాత కార్డుతో సమానం చేయించండి. 24 పాయింట్లు పెట్టాం కదా అంటే కుదరదు. పాయింట్లు అక్షరం కూర్చునే చట్రానికి కొలత. ఒకే 24లో ఒక ఫాంటు చిన్నగా, ఇంకొకటి పెద్దగా కనిపించడం మామూలే. ఎత్తు కుదిరాక శ్రీ మొదటి నుంచి చివరి కొమ్ము కొస దాకా పొడవు కొలవండి. అక్షరాలన్నీ సరిపోయి, పొడవు మాత్రం తేడాగా ఉంటే, పాత కార్డులో ఆపరేటరు వరుసను పక్కలనుంచి నొక్కి ఇమిడ్చి ఉండొచ్చు. దానికి సున్న సాక్ష్యం. "ముహూర్తం", "వివాహం" లాంటి మాటల్లో సున్న గుండ్రంగా కాక కోడిగుడ్డులా నిలువుగా ఉంటే, నిలువు గీతలు అడ్డగీతలకన్నా సన్నగా ఉంటే నొక్కినట్టే. అప్పుడు ఫాంటు అదే. వెడల్పును 90 శాతానికో 85 శాతానికో తగ్గిస్తే మీ కార్డు దొరుకుతుంది.

పేరు మీద మాత్రం పట్టుబట్టకండి. ఒకే అక్షరాలు రెండు మూడు పేర్లతో డీటీపీ సెంటర్లలో తిరుగుతుంటాయి. పాత కార్డును చేతికిచ్చి ఆకారం చూపించి అడగడమే మేలు.

ప్రశ్న: మా పెయింటరు కన్నడం వాడు, చెయ్యి చాలా బాగుంటుంది. ఆంధ్రా భోజనశాలకు తెలుగు బోర్డు రాస్తే, "అక్షరాలు తెలుగే కానీ చూస్తే కన్నడంలా ఉంది" అంటున్నారు వచ్చినవాళ్ళు. తప్పెక్కడ ఉందో అతనికి చెప్పలేకపోతున్నాం.
(బోర్డుల దుకాణం, కె.ఆర్.పురం)

జవాబు: అతని చేతికి అలవాటైన నాలుగు మలుపులు మారిస్తే చాలు. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. శతాబ్దాల పాటు ఒకే లిపిగా నడిచి తర్వాత విడిపోయాయి. అందుకే జ, ట, ణ, బ, ల లాంటి తలకట్టు లేని అక్షరాలు రెండింట్లోనూ దాదాపు ఒకటే. వాటి దగ్గర తప్పు వెతకొద్దు.

తేడా అంతా తలకట్టుతో మొదలవుతుంది. కన్నడంలో అది అక్షరం మీద అడ్డంగా పరుచుకుంటుంది. తెలుగులో మాస్టారు పెట్టే టిక్కుగుర్తులా కుడివైపుకు పైకి లేస్తుంది. గ, ద, ర, డ అక్షరాలకు ఒళ్ళు ఒకటే, నెత్తి ఒక్కటే వేరు. మీ పెయింటరు ఒళ్ళు సరిగ్గానే వేసి, నెత్తిని అలవాటు కొద్దీ చదునుగా లాగేసి ఉంటాడు. బోర్డు మొత్తానికి ఆ కన్నడపు పోలిక అక్కడినుంచే వస్తుంది.

రెండోది దీర్ఘం. "భోజనం"లో భో, "కోడి పులావు"లో కో, "నేతి"లో నే చూడండి. కన్నడంలో ఏ, ఓ దీర్ఘాలకు అక్షరం పక్కన ఒక కొక్కెం విడిగా నిలబడుతుంది. తెలుగులో ఆ దీర్ఘం అక్షరం నెత్తిమీదే ఉంటుంది, పక్కకు దిగదు. మూడోది "ఆంధ్ర"లో క్రావడి. కన్నడంలో అది కింద కుడివైపు వస్తుంది. తెలుగులో ఎడమ దిక్కునుంచి అక్షరం కిందికి వస్తుంది. నాలుగోది "కర్నూలు" లాంటి మాట. కన్నడంలో పొల్లు రకారాన్ని తర్వాతి అక్షరం రాశాక దాని పక్కన గుర్తుగా పెడతారు. పాత తెలుగు పుస్తకాల్లోని వలపలగిలక కూడా ఇలాంటిదే. కానీ ఈనాటి తెలుగు బోర్డులో ర పూర్తిగా రాసి న ఒత్తు కింద ఇవ్వాలి. ఇక క, త, శ, హ అక్షరాలను కొత్తగా నేర్చుకోవాల్సిందే. వాటి రూపాలు రెండు లిపుల్లో వేరు. ఈ నాలుగింటినీ అరచేయంత సైజులో అచ్చు తీసి అతని ముందు అతికించండి.

కంప్యూటరులో చేసే బోర్డులకు ఒక సలహా. కర్ణాటకలో బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలన్న నిబంధన వచ్చాక, పైన పెద్ద కన్నడం, కింద చిన్న తెలుగు వేయడం మామూలైంది. రెండింటికీ సంబంధం లేని ఫాంట్లు పెడితే ఒకటి లావుగా, ఒకటి పీలగా కనిపిస్తుంది. ఒకే కుటుంబంలో రెండు లిపులూ ఉన్నవి తీసుకోండి: నోటో సాన్స్ కన్నడ, నోటో సాన్స్ తెలుగు; లేదా అనేక్ కన్నడ, అనేక్ తెలుగు. ఏక్ టైప్ వాళ్ళ బాలూ కుటుంబంలో కన్నడం దాని పేరు తమ్మ, తెలుగుదాని పేరు తమ్ముడు. రెండు మాటలకూ అర్థం ఒకటే, అక్షరాలూ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. తెలుగు వరుస చిన్నది కాబట్టి దానికి ఒక మెట్టు ఎక్కువ బరువు ఇవ్వండి. కన్నడం మీడియం అయితే తెలుగు సెమీబోల్డ్ పెడితే దూరం నుంచి రెండూ సమంగా ఆనుతాయి.

ప్రశ్న: ముదురు నీలం మీద తెల్ల అక్షరాలతో మా సంఘం కరపత్రం కొట్టించాం. ప్రూఫులో "కథ", "రథం" సరిగ్గా ఉన్నాయి. అచ్చయ్యాక "కధ", "రధం" అయిపోయాయి. ఫాంటు మార్చేశారా?
(జయనగర్)

జవాబు: ఫాంటు మార్చి ఉండరు, థ కడుపులో చుక్క పూడిపోయి ఉంటుంది. ద, ధ, థ మూడింటికీ ఒళ్ళు ఒకటే. కింద నిలువుగీత వస్తే ధ, దానికి తోడు లోపల చుక్క వస్తే థ. ర, ఠ మధ్య తేడా కూడా ఆ చుక్కే. డ ఢ, చ ఛ, ప ఫ జంటల్లో తేడా కింది గీత, బ భ జంటలో దానికి తోడు తలకట్టు. తెలుగులో అర్థం మారిపోయే ఆనవాళ్ళు ఇంత చిన్నవి.

తెల్ల అక్షరమంటే అక్కడ సిరా పడకుండా వదిలిన కాగితం. నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌లో (రంగుకో ప్లేటు పెట్టి తడి సిరాతో అచ్చువేసే పద్ధతిలో) సిరా అంచులు కొద్దిగా లోపలికి పాకుతాయి. పైగా నీలం, మెజెంటా ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చుక్కంత ఖాళీ పూడిపోతుంది. సాదా కాగితం మీద ఈ పాకుడు ఆర్ట్ పేపర్ కన్నా ఎక్కువ. లేజర్ ప్రింటు ప్రూఫులో ఇది కనిపించదు, ఎందుకంటే అక్కడ ప్లేట్లూ లేవు, తడి సిరా కూడా లేదు. కంప్యూటరు తెర మీద 400 శాతం పెంచి చూసి "బాగుంది" అనుకుంటే అసలు కనిపించదు.

చేయాల్సింది: తెల్ల తెలుగు అక్షరాలను 10 పాయింట్ల కన్నా తగ్గించకండి. లావు సన్నం ఎక్కువున్న ఫాంటు కాక సమానమైన గీత గలది వాడండి. వెనక రంగును వీలైతే ఒకే సిరాతో రప్పించండి. బోల్డ్ కావాలంటే బోల్డ్‌గా గీసిన ఫాంటే వాడండి. బీ బటన్ నొక్కితే చాలా సాఫ్ట్‌వేర్లు అక్షరం చుట్టూ గీతను ఊరికే లావు చేస్తాయి, చుక్కా సందులూ ముందు పూడుకుపోయేవి వాటిలోనే. ప్లేటుకు పంపేముందు థ, ఠ, ధ, ఢ, భ, ఛ ఉన్న మాటలన్నీ వెతికి, అసలు సైజులో, చేతి దూరం నుంచి చదివించండి. రాసినవాళ్ళ చేత కాక, కొత్తవాళ్ళ చేత.

ప్రశ్న: పాస్‌బుక్కులో ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అచ్చులో సున్నానో ఓ అక్షరమో, ఐ అక్షరమో చిన్న ఎల్‌నో తేలడం లేదు.
(యలహంక)

జవాబు: ఏరియల్ లాంటి ఫాంట్లలో క్యాపిటల్ ఐ, చిన్న ఎల్ రెండూ ఒట్టి నిలువుగీతలే. ఆకారం చెప్పదు, స్థానం చెబుతుంది. ఐఎఫ్ఎస్‌సీలో మొత్తం 11 గుర్తులు. మొదటి నాలుగూ బ్యాంకును తెలిపే అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నానే. పాన్ నంబరులో 10 గుర్తులు: ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. వీటిలో చిన్న అక్షరాలు రావు కాబట్టి ఎల్ అనుమానం అక్కర్లేదు. మీరే కోడ్‌లు అచ్చువేయించే పని ఉంటే వెర్డానా గానీ తహోమా గానీ వాడండి. వాటిలో క్యాపిటల్ ఐకి పైనా కిందా అడ్డగీతలు ఉంటాయి. ఆ రెండింటినీ వేరుచేయాలంటే, తహోమా ఇరుకు, వెర్డానా వెడల్పు.

ప్రశ్న: పీడీఎఫ్‌లో ఉన్న ఫాంటు పేరును కంటితో కాకుండా నేరుగా తెలుసుకునే దారి లేదా?
(మారతహళ్ళి)

జవాబు: ఉంది, ముందు అదే చేయాలి. అడోబీ రీడర్‌లో ఫైల్ మెనూలోని ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్స్ అన్న పేజీ చూడండి. పేరు ముందు ఆరు క్యాపిటల్ అక్షరాలు, ఒక ప్లస్ గుర్తు ఉంటే వాటిని వదిలేయండి. వాడిన అక్షరాలను మాత్రమే ఫైల్లో పొదిగారన్న సూచన అది, అసలు పేరు ప్లస్ తర్వాత ఉంటుంది. జాబితా ఖాళీగా ఉంటే అక్షరాలను కర్వ్స్‌గా (ఒట్టి గీతల బొమ్మలుగా) మార్చేసి ఉంటారు, లేదా అది స్కాన్ బొమ్మ. అప్పుడే భూతద్దం తీయాలి. వెబ్ పేజీ అయితే క్రోమ్‌లో ఆ మాట మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కండి, కంప్యూటెడ్ పేజీ అడుగున నిజంగా వాడిన ఫాంటు పేరు ఉంటుంది.

తెలుగు పీడీఎఫ్ నుంచి ఒక వరుస కాపీ చేసి వేరేచోట అతికించి చూడండి. అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తే అది యూనికోడ్ కాదు, అను లాంటి పాత ఫాంటు. అలాంటి ఫాంట్లలో తలకట్టు, ఒంటిభాగం విడి ముక్కలుగా ఉండి ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. డిజైన్లు గీసే కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేరులో వాటిని కర్వ్స్‌గా మార్చాక కంబైన్ నొక్కితే ఆ ముక్కలు కలిసిన చోట తెల్లటి చిల్లులు పడతాయి. కంబైన్ బదులు వెల్డ్ వాడండి.

ప్రశ్న: మా కాలేజీ కంప్యూటర్లో గారమండ్, ఇంట్లో దించుకున్న ఈబీ గారమండ్ రెండూ పేరుకు ఒకటే, చూపుకు వేరు. ఏది అసలైనది?
(విద్యార్థిని, బనశంకరి)

జవాబు: పేరు కలిసింది కానీ మూలం కలవలేదు. క్లాడ్ గారమండ్ 16వ శతాబ్దపు ఫ్రెంచి అక్షర శిల్పి, 1561లో చనిపోయారు. మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో వచ్చే మోనోటైప్ గారమండ్‌కు ఆధారం ఆయన అక్షరాలు కావు. ఆయన తర్వాత అరవై ఏళ్ళకు జాన్ జానోన్ చెక్కినవి. చాలాకాలం వాటినే గారమండ్‌వి అనుకున్నారు. ఆ పొరపాటును 1926లో బియాట్రిస్ వార్డ్ బయటపెట్టారు, అదీ పాల్ బోజోన్ అన్న మారుపేరుతో. అప్పటికే పేరు స్థిరపడిపోయింది. ఈబీ గారమండ్ మాత్రం 1592 నాటి ఎగెనోల్ఫ్-బెర్నర్ నమూనా కాగితం చూసి చేసినది, ఆ కాగితంలోని నిటారు అక్షరాలు చాలావరకు గారమండ్‌వే.

పోల్చుకోవాలంటే ఇటాలిక్‌లో ఒక పేరా కొట్టి చూడండి. మోనోటైప్‌లో అక్షరాల వాలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, ముఖ్యంగా క్యాపిటల్స్‌లో ఒకటి ఎక్కువ వాలి, పక్కది తక్కువ వాలి కనిపిస్తుంది. ఈబీలో వాలు నిలకడగా ఉంటుంది. ప్రాజెక్టు రిపోర్టును ఇంట్లో ఒకదానిలో మొదలుపెట్టి కాలేజీలో ఇంకొకదానిలో ముగించకండి. వీటి వెడల్పులు సమానం కావు, పేజీ నంబర్లు మారిపోతాయి.